పరగోడు విమానం

మా కంప్యూటర్ అంగడి చిక్కబళ్ళాపురంలో మామగారి బెల్లం మండీ ముందుభాగంలో ఉండేది. మధ్యలో ఒక ప్లైవుడ్ అడ్డం, అంతే. అటువైపు బెల్లం దిమ్మలు, చింతపండు బుట్టలు, తక్కెడ చప్పుడు. ఇటువైపు మానిటర్లు, కీబోర్డులు, చుట్టలు చుట్టిన వైర్లు. ప్లైవుడ్ మనుషులను ఆపేది గానీ చీమలను ఆపలేకపోయేది. రిపేరీకి వచ్చిన కంప్యూటర్ డబ్బా మూత విప్పితే ఫ్యాను చుట్టూ ఎర్రచీమలు బారులు తీరి ఉండేవి. వాటిని కుంచెతో దులిపాకే అసలు పని మొదలయ్యేది.

నేను పుట్టింది చింతామణిలో, నూనె అంగడి వాళ్ళింట్లో. అక్కడే ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాను. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక మా ఆయన, నేను కలిసి ఈ అంగడి పెట్టాం. అమ్మకం ఆయనది, స్క్రూడ్రైవర్ నాది. ఆయనకు మనుషులతో మాట్లాడటం బాగా చేతనవును. నాకు మూత విప్పిన డబ్బాతో మాట్లాడటం అలవాటు. ఈ ఏర్పాటు మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

రెండువేల ఏడు వేసవి ఇంకా ముదరలేదు. దేవనహళ్ళి దగ్గర కొత్త విమానాశ్రయం పని జోరుగా సాగుతున్న రోజులు. బస్సులో వెళ్ళినా, అంగడిలో కూర్చున్నా, అందరూ ఆ మాటే మాట్లాడేవారు. అలాంటి ఒక పొద్దున, తెల్లపంచె కట్టుకుని, చేతికర్ర ఆనించుకుంటూ ఒక పెద్దాయన మా అంగడి మెట్టెక్కాడు. యాభై ఐదు దాటి ఉంటాయి. కుడికాలు కొంచెం ఈడ్చేవాడు.

"కంప్యూటర్ బాగుచేసేదెవరమ్మా?" అన్నాడు.

"నేనేనప్పా. ఏమైంది?"

ఆయన నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అని ఒకసారి తొంగిచూసి, ఎవరూ లేరని తెలిశాక స్టూలు మీద కూర్చున్నాడు.

"నాదొగటే మాట తల్లీ. విమానం కుదపకూడదు."

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పుకొచ్చాడు. ఆయనది బాగేపల్లి తాలూకా పరగోడు. పొలం, మడి, బోరుబావి ఉన్న మనిషి. పోయిన వానాకాలం గట్టుమీద జారి పడి కాలు విరిగింది. సిమెంటు కట్టు వేసి మంచంమీద పడుకోబెట్టారు. ఊరికే పడుకోలేక అందరిమీదా అరుస్తుంటే, బాగేపల్లిలో ఉండే అల్లుడు తన పాత కంప్యూటర్ తెచ్చి పేకాట ఆడుకొమ్మని మంచం పక్కన పెట్టాడు. దాంతోపాటు వచ్చిన సీడీల్లో ఒకటి విమానం తోలే ఆట.

"పేకాట ఒగ వారమాడితి, ఇసుగొచ్చె. ఈ విమానం మాత్రం నన్ను ఇడ్సలేదు. కట్టిప్పినాక గూడా ఇడ్సలేదు. పొద్దున పొలం చూసుకుంటా, మద్యాన్నం అన్నం తిని విమానం ఎక్కుతా. ఎవురికి చెప్పినా నగుతాండారు. నువ్వు నగలేదు. అందుకే ఈడ కూర్చున్నా."

నిజానికి నాకు నవ్వు రాలేదు. పైగా కుతూహలం కలిగింది. అంతవరకు మా దగ్గరికి వచ్చినవాళ్ళు పెళ్ళి వీడియోలు కలపడానికో, తాలూకా ఆఫీసు బయట టైపు చేయడానికో కంప్యూటర్ అడిగేవారు. ఎగరడానికి అడిగినవారు లేరు.

"ఎప్పుడు కుదుపుతాందప్పా?"

"పైకి పోయినాక బాగానే ఉండాది. కింద ఇండ్లూ, చెట్లూ, పైన మబ్బులూ అన్నీ ఒగేసారి కనపడినప్పుడు ఆగి ఆగి పోతాండాది. అల్లుడు చెప్పినాడు, గ్రాఫిక్స్ కార్డు అని ఒగటి ఏస్తే సరిపోతాదంట. అన్నిటికంటే పెద్దది ఏయండి."

ఇంతలో మా ఆయన వచ్చారు. పెద్దది అనే మాట చెవిన పడగానే ఆయన ముఖం వెలిగింది. బెంగళూరునుంచి తెప్పించి, చూసేవాళ్ళే తప్ప కొనేవాళ్ళు లేక అద్దాల బీరువాలో పెట్టుకున్న కార్డు ఒకటుంది. ఆ కాలానికి పై తరగతి కార్డు. ఇటుకంత పొడుగు, దానికే ఒక ఫ్యాను, కరెంటుకోసం దానికే విడిగా ఒక వైరు. పెట్టెమీద ఐదు వందల పన్నెండు ఎంబీ అని మనిషి చేతి అంత అంకెలు.

"అప్పా, ఇదుండాది చూడండి. ఐదు వందల పన్నెండు. మన చుట్టుపక్కల ఎవరింట్లోనూ ఇట్లాంటిది లేదు," అన్నారు మా ఆయన.

నేను పెట్టె తిప్పి వెనకవైపు చిన్న అక్షరాలు చదివాను. కొన్నాళ్ళ కింద చింతామణికి పోయినప్పుడు మా తమ్ముడు కొనిపెట్టుకున్న కంప్యూటర్ పత్రికలు, మిద్దెమీద మిరపకాయలు ఆరబోసి కాపలా కూర్చున్నప్పుడు, తిరగేశాను. ఒకే చిప్పుతో రెండు రకాల కార్డులు వస్తున్నాయనీ, ఒకదాంట్లో మెమరీ ఎక్కువ గానీ అది నెమ్మదిదనీ, రెండోదాంట్లో మెమరీ సగమే గానీ చురుకైనదనీ అందులో రాశారు. పెట్టె వెనక మెమరీ క్లాక్ ఐదు వందల మెగాహెర్ట్జ్ అని ఉంది. పత్రికలో చెప్పిన రెండో కార్డుకు ఏడు వందలు. ఆ సంగతి మా ఆయనకూ పెద్దాయనకూ ఇద్దరికీ చెప్పాను.

"క్లాక్ అంటే గడియారమా?" అన్నాడు పెద్దాయన.

"అట్లాంటిదే అప్పా. అది ఎంత వడిగా కొట్టుకుంటే పని అంత వడిగా."

ఆయన పెట్టెమీది అంకెలను వేలితో తడిమాడు. "ఐదు వందల పన్నెండు యాడ, రెండు వందల యాభై ఆరు యాడ. సగం వస్తువు కొనుక్కొని పోతే నా పెండ్లాము నగుతుంది తల్లీ. ఇదే ఏయండి."

అడిగినవాడి ఇష్టం. పాత పవర్ సప్లై దానికి చాలదని కొత్తది కూడా వేసి, కార్డు బిగించి పంపాను.

వారం తిరగకముందే పరగోడునుంచి ఫోను వచ్చింది.

"అమ్మణ్ణీ, ముందర్దానికంటే మేలే. అబద్దం చెప్పగూడదు. కానీ ఊర్లమీద దిగేటప్పుడు ఇంగా అట్లనే ఉండాది. గుంతల దోవలో ఎద్దులబండి మాదిరి."

మా ఆయన ర్యామ్ చాలకపోవచ్చన్నారు. నేను మెమరీ క్లాక్ అన్నాను. ఆయన కాదన్నారు, నేను అవునన్నాను. గొంతులు పెరిగాయేమో, ప్లైవుడ్ అవతలనుంచి మామగారు కేకేశారు.

"ఏందిరా గలాట? గిరాకీ వింటాండారు."

నేను అటు పోయి ఆయనకు అర్థమయ్యేలా చెప్పాను. "మామా, ఒక మండీ చానా పెద్దది. కానీ హమాలీలు నిదానం. ఇంకోటి దాంట్లో సగం. హమాలీలు చురుకు. లారీ వచ్చి నిలబడినాది. దేంట్లో బిర్న పనవుతుంది?"

ఆయన తక్కెడ వదిలేసి ఆలోచించారు. మండీ సంగతి అంటే ఆయన ఆటగా తీసుకోరు. "చిన్నదాంట్లోనే. కానీ సరుకు మండీకి పట్టేంతవరకే అమ్మా ఆ మాట. ఎక్కువొచ్చిందనుకో, బయట గోదాములో పెట్టల్ల, మళ్ళీ మోసుకొని రావల్ల. అప్పుడు హమాలీ ఎంత చురుకైతే ఏం?"

"చూసినావా?" అన్నారు మా ఆయన నాతో.

"మీరు గూడా చూసినారా?" అన్నాను నేను.

చివరికి చోటే గెలుస్తుందని ఆయన, చురుకే గెలుస్తుందని నేను పందెం వేసుకున్నాం. రెండో కార్డు తెచ్చి, రెండూ ఒకే డబ్బాలో పెట్టి, పెద్దాయనతోనే తోలించాలి. ఓడినవాళ్ళు ఆ నెలంతా డబ్బాల్లోని చీమలు దులపాలి.

బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు ఇద్దరం కలిసే పోయాం. నేనక్కడికి పోవడం తక్కువ. సందులో సందు, ప్రతి అంగడిలోనూ పెట్టెలు పైకప్పుదాకా. మేము సరుకు కొనే అంగడాయన మా మాట విని, నిచ్చెనెక్కి, ఎక్కడో వెనకనుంచి దుమ్ము పట్టిన పెట్టె తీశాడు.

"మేడమ్, జన ఎంబీ కేళ్తారె. క్లాక్ యారు కేళ్తారె?" అని నవ్వాడు. జనం ఎంబీ అడుగుతారు, క్లాక్ ఎవరడుగుతారని. ఆ కార్డు తయారుచేసినవాళ్ళు మామూలుకంటే క్లాక్ ఇంకాస్త పెంచి పంపారని, అందుకే పెట్టెమీద మంటల బొమ్మ వేశారని కూడా చెప్పాడు. తిరుగు బస్సులో ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన కిటికీ పక్కన కునుకు తీశారు. దేవనహళ్ళి దాటుతుంటే ఎర్రమట్టి తవ్వి పోసిన గుట్టలు కనబడ్డాయి.

ఆదివారం మండీకి సెలవు. పెద్దాయన తన డబ్బాను దుప్పటిలో చుట్టి, బాగేపల్లిలో బస్సు మారి, ఒళ్ళో పెట్టుకునే తెచ్చాడు. కండక్టరు లగేజీ టికెట్ అడిగాడట. "ఒళ్ళో కూర్చున్న బిడ్డకు టికెట్ ఉండాదా నాయనా?" అని ఈయన ఎదురడిగాడట. అది చెప్పి తానే పగలబడి నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వడం మొదటిసారి చూశాను. మామగారు కూడా కుర్చీ తెచ్చుకుని మా పక్కన కూర్చున్నారు.

మొదట పెద్ద కార్డుతోనే తోలమన్నాం. పెద్దాయన పంచె మోకాళ్ళమీదికి లాక్కుని, ఆటకోసం కొనుక్కున్న కర్రలాంటి పిడి చేతిలోకి తీసుకున్నాడు. మనిషే మారిపోయాడు. వీపు నిటారుగా అయింది. విమానం రన్‌వే మీద పరుగెత్తి నేల విడిచింది. చుట్టూ తిరిగి ఏదో పెద్ద పట్నంమీదికి వచ్చేసరికి, ఆయన చెప్పినట్టే, బొమ్మ ఆగి ఆగి కదిలింది.

కార్డు మార్చాను. అదే విమానం, అదే పట్నం, అదే మబ్బులు. ఈసారి ఇళ్ళమీదినుంచి నీళ్ళమీద పడవ పోయినట్టు పోయింది. పెద్దాయన మెల్లగా ఒక పక్కకు వంచాడు. భవనాలన్నీ ఒరిగి, మళ్ళీ నిలబడ్డాయి. ఎక్కడా తడబాటు లేదు. చక్రాలు నేలకు తగిలాక ఆయన పిడి వదిలి, అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"ఇది," అన్నాడు. "ఇది నాకు కావల్ల."

నేను మా ఆయనవైపు చూశాను. ఆయన ఓటమి ఒప్పుకోలేదు. మౌసు అందుకుని, ఆట సెట్టింగుల్లోకి పోయి, ఇళ్ళ గోడలు, నేల, చెట్లు అన్నీ మరీ నాణ్యంగా కనబడేలా చివరిదాకా పెంచారు. "ఇప్పుడు తోలండప్పా."

ఈసారి కొంతదూరం బాగానే పోయి, పట్నం అంచుకు రాగానే విమానం గాల్లో నిలబడిపోయింది. కాసేపటికి ఒక్క గంతు. మళ్ళీ నిలబడింది. రెండు వందల యాభై ఆరులో ఆ బొమ్మలన్నీ పట్టలేదు. అదే సెట్టింగుతో పెద్ద కార్డు వేసి చూస్తే, అది నిదానంగా, ఈడుస్తూ, కానీ నిలబడకుండా పోయింది.

"నేను చెప్పలేదా? సరుకు ఎక్కువైతే గోదాముకు మోయల్ల," అన్నారు మామగారు చాలా సంతోషంగా.

అప్పుడు పెద్దాయన, మా ఆయన, నేను తలలు దగ్గర పెట్టి, చిన్న కార్డు వేసి, సెట్టింగులు ఒక్కొక్కటే కిందికి దించుతూ చూశాం. నేల నాణ్యం ఒక మెట్టు తగ్గిస్తే చాలు, అంతా మెమరీలో పట్టింది, విమానం మళ్ళీ నీటిమీద పడవయింది. తగ్గించిన తేడా ఏమిటో చూపించమంటే పెద్దాయన కళ్ళకు కనబడలేదు. మా ఆయన కళ్ళకూ కనబడలేదు. పెద్దది మాకే వెనక్కిచ్చి, చిన్నదే తీసుకుంటానన్నాడు పెద్దాయన. ఇంట్లో ఏం చెప్తారప్పా అని అడిగితే, "ఆయమ్మకు ఎంబీ గురించి తెలిసేదేముండాది? నేనే కదా చెప్పింది," అన్నాడు.

పందెం తేలలేదు. ఆ నెలంతా చీమలు ఇద్దరం కలిసే దులిపాం.

ఎండలు ముదిరాక మళ్ళీ ఫోను. ఈసారి ఆయన గొంతులో దిగులుంది. మధ్యాహ్నం కొంతసేపు తోలగానే ఆకాశం నిండా రంగురంగుల చుక్కలు వస్తున్నాయట. తర్వాత అంతా బిగుసుకుపోతుందట. పొద్దున పూట మాత్రం ఏమీ కాదట. డబ్బాను మళ్ళీ బస్సులో మోసుకు రమ్మనడానికి నాకు మనసొప్పలేదు. "మేమే వస్తామప్పా," అన్నాను.

మా ఆయన కూడా వస్తానన్నారు. చిక్కబళ్ళాపురంనుంచి బాగేపల్లి, అక్కడినుంచి ఇంకో బస్సు. పరగోడులో దిగేసరికి ఎండ నెత్తిన కొడుతోంది. పెద్దాయన బస్సు దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. కర్ర లేదు. కాలు చాలావరకు బాగయింది.

ఇంట్లోకి పోగానే ఆయన భార్య చెంబుతో నీళ్ళిచ్చి, మొదటి మాటగా నాతోనే మొరపెట్టుకుంది. "ఏమమ్మా, నువ్వేనా ఈయప్పకు విమానం కట్టిచ్చింది? పిలిస్తే పలకడు. ఎవురన్నా వచ్చి యాడికి పోయినాడని అడిగితే ఏం చెప్పల్ల? పైన ఉండాడు అని చెప్పల్లా?"

మా ఆయన నవ్వాపుకోలేక గోడవైపు తిరిగారు.

కంప్యూటర్ పెట్టిన గది చూడగానే సగం సంగతి తెలిసిపోయింది. వేరుశనక్కాయల మూటలు వేసుకునే గది అది. పైన రేకులు. డబ్బాను దుమ్ము పడకూడదని చెక్క బీరువాలో పెట్టి, తలుపు కూడా వేసి, వైర్లు సందులోంచి బయటికి లాగారు. ఆ బీరువా తలుపు తీస్తే పొయ్యి మూత తీసినంత వేడి ముఖానికి కొట్టింది.

డబ్బాను బయటికి తీసి, బల్లమీద, కిటికీ దగ్గర పెట్టించాను. మూత పక్కకు తీసి, ఫ్యానుకు పట్టిన మట్టి దులిపాను. మళ్ళీ నడిపించి చూస్తే చుక్కలు ఆలస్యంగా వచ్చాయి. కానీ వచ్చాయి. ఆకాశంలో పచ్చవి, ఊదావి, ఎక్కడపడితే అక్కడ.

అప్పుడు నాకు పెట్టెమీది మంటల బొమ్మ గుర్తొచ్చింది. మామూలుకంటే పెంచి పంపిన క్లాక్. చల్లటి గదుల్లో కూర్చుని పెంచినవాళ్ళకు పరగోడు రేకుల గది ఎలా తెలుస్తుంది? కార్డుతోపాటు వచ్చిన సీడీలో క్లాక్ మార్చే చిన్న ప్రోగ్రాం ఉంది. దాన్ని ఎక్కించి, మెమరీ క్లాక్ గీతను వెనక్కి జరపబోయాను.

"ఏం చేస్తాండావు తల్లీ?" అని పెద్దాయన ముందుకు వంగాడు.

"వేగం రొంత తగ్గిస్తాండానప్పా."

ఆయన ముఖం వాడిపోయింది. "తగ్గిస్తే మళ్ళీ కుదపదా? దీనికోసమే కదా ఇంత చేస్తిమి."

"రొంతే. కనపడనంత. ఎండ తగ్గినాక కావల్లంటే మళ్ళీ పెంచుకోవచ్చు."

ఆయన కాసేపు గీతవైపు చూసి, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "బోరు మోటారు గూడా అంతే. మద్యాన్నం పూట దాని మానాన దాన్ని ఇడ్సిపెట్టల్ల. బలవంతం చేస్తే కాలిపోతాది. సరే, తగ్గించు."

ఏడు వందలకు పైగా ఉన్నదాన్ని కొంచెం దించాను. చుక్కలు పోలేదు. ఇంకొంచెం దించాను. ఆరు వందల యాభై దగ్గర చుక్కలు ఆగిపోయాయి. చిప్పు క్లాక్ జోలికి పోలేదు, తప్పంతా మెమరీదే. మా ఆయన వాచీ చూసుకుంటూ, అన్నం తినేలోపల మళ్ళీ చుక్క కనబడితే ఇంకా దించుదామన్నారు. విమానాన్ని ఎవరూ పట్టుకోకుండా దానంతటదే పోయేలా పెట్టి, మేము అన్నానికి లేచాం.

మేము కోడి తినేవాళ్ళం కాదని ఆయమ్మ ముందే కనుక్కుందట. రాగిముద్ద, ఉలవలు వార్చిన కట్టుతో కాచిన బస్సారు, పక్కన వేయించిన మిరపకాయలు, చివర గట్టి పెరుగు. ముద్ద తినడం మా ఆయనకు అంత అలవాటు లేదు, నములుతుంటే ఆయమ్మ ఊరుకోలేదు. "నమలద్దు నాయనా, మింగు. కడుపుకు తెలుసు దాని పని." వసారాలో కూర్చుని తింటుంటే లోపలి గదిలోంచి విమానం ఇంజను మోత సన్నగా, తెరిపి లేకుండా వినబడుతూనే ఉంది. మోత ఆగలేదు కాబట్టి మెతుకు మెతుకుకూ నాకు నిమ్మళమయింది.

చేయి కడుక్కుని వచ్చి చూస్తే ఆకాశం శుభ్రంగా ఉంది. ఒక్క చుక్క లేదు. కుదుపూ లేదు.

పెద్దాయన కూర్చోబోతుంటే ఆయన భార్య కొంగుకు చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. "నన్ను గూడా ఒగసారి కూర్చోపెట్టు. ఇంతమంది ఇంత కష్టపడతాండారే, ఏముండాదో చూస్తా."

ఆయన నిర్ఘాంతపోయి పక్కకు జరిగాడు. ఆయమ్మ కుర్చీలో మఠం వేసుకుని కూర్చుంది. ఆయన వెనక నిలబడి, ఆయమ్మ చేతిమీద చేయి వేసి పిడి పట్టించాడు. "మెల్లిగా. గట్టిగా లాగద్దు. పెరుగు చిలికేటప్పుడు ఎట్ల పడతావు, అట్ల."

"నాకు నేర్పద్దు," అందామె. కానీ చేయి తీయలేదు.

మధ్యాహ్నపు గదిలో ఆ ఇద్దరూ బెంగళూరునుంచి ఉత్తరంగా పోయారు. ఆటలో మన ప్రాంతంలో పెద్దగా ఏమీ లేదు. నందికొండ ఉండాల్సిన చోట ఒక ఆకుపచ్చ బొడిపె. దాని తర్వాత చదరాలు చదరాలుగా పొలాలు, అన్నీ ఒకటే మాదిరి, ఒకదాని పక్కన ఒకటి అతికించినట్టు. ఊరి పేర్లు లేవు. చెరువులు లేవు. గుడిబండె కొండైనా లేదు. కానీ పెద్దాయన ఎక్కడా తడుముకోలేదు. "ఇది చిక్కబళ్ళాపురం. ఇది పేరేసంద్ర. ఇంగ ఎడమకు తిప్పు... ఆఁ, చాలు. ఇదో, కింద చూడు. ఇదే మన చేను."

మా ఆయనా నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. తెరమీద ఉన్నది వెయ్యి చదరాల్లో ఒక చదరం.

ఆయమ్మ కళ్ళు చికిలించి చూసింది. "ఇది మన చేనా?"

"మన చేనే."

"అట్లయితే బోరు యాడ? షెడ్డు యాడ?"

"ఆట చేసినోనికి తెల్దు గదే. నేల మాత్రం మనదే. నేను దినామూ చూస్తాండా."

ఆయమ్మ ఇంకాసేపు చూసింది. ఎగతాళి చేస్తుందనుకున్నాను. చేయలేదు. "తూర్పు గట్టు వంకరగా ఉండల్ల. ఇది నేరుగా ఉండాది," అని మాత్రం అంది. "మళ్ళీ తిప్పు. ఇంగొగసారి చూస్తా."

వాళ్ళు ఆ చదరం చుట్టూ తిరిగారు. కుదుపు లేకుండా, నిమ్మళంగా, రెక్క ఒక పక్కకు వంచి. వాళ్ళు దిగాక నేను ప్రోగ్రాములో ఆ క్లాక్ అంకె డబ్బా ఆపినా పోకుండా భద్రం చేసి, మెల్లగా బయటికి వచ్చాను. వసారాలో మా ఆయన చెప్పులు వేసుకుంటూ, "ఆ పెద్ద కార్డు ఎవరికమ్మినా ఇంత సంతోషం దొరకదు మనకు," అన్నారు. ఆ మనిషి నోట అమ్మకం గురించి అలాంటి మాట రావడం అరుదు. బస్సెక్కేటప్పుడు ఆయమ్మ ఒక సంచినిండా పచ్చి వేరుశనక్కాయలు చేతిలో పెట్టింది. బాగేపల్లివరకూ ఒలుచుకుని తింటూనే వచ్చాం.

ఆ తర్వాత మా అంగడిలో అమ్మే తీరు కొంచెం మారింది. ఎవరైనా వచ్చి ఎంబీ అడిగితే, దాంతో ఏం చేస్తారని మా ఆయన ముందు అడిగేవారు. పెళ్ళి వీడియోలు కలిపేవాళ్ళకు ఒకటి, ఆటలవాళ్ళకు ఇంకొకటి చూపించేవారు. బీరువాలో మిగిలిపోయిన పెద్ద కార్డు చివరికి చింతామణిలో ఇళ్ళ నమూనాలు గీసే ఒక ఇంజనీరు కొన్నాడు. అతనికి వేగంకంటే చోటే ముఖ్యం, పెద్ద పెద్ద బొమ్మలు పట్టాలి. కొన్నాళ్ళకు కలిస్తే బాగుందన్నాడు. ఏ కార్డు తప్పు కాదని అప్పుడు ఇంకోసారి అనిపించింది.

పెద్దాయన బాగేపల్లి వైపునుంచి మాకు చాలామందిని పంపాడు. కొన్నిసార్లు తానే వెంట వచ్చి, మెమరీ అంటే ఏమిటి, క్లాక్ అంటే ఏమిటి అని మాకంటే ముందే చెప్పేసేవాడు. కొత్త విమానాశ్రయం తెరిచిన తర్వాతి ఏడు భార్యాభర్తలిద్దరూ నిజం విమానంలో హైదరాబాదు పోయివచ్చారు. కిటికీ పక్క సీటు ఆయన భార్యకే ఇచ్చాడట. రెక్క అడ్డమొచ్చి ఏమీ కనబడలేదని ఆయమ్మ గొణిగిందట.

ఆపైన ఆయన ద్రాక్షతోట పెట్టాడు. పందిళ్ళు, మందులు, కూలీలు, పొద్దస్తమానం అదే లోకం. కంప్యూటర్ ముందు కూర్చునే తీరిక లేదని ఒకసారి మండీకి వచ్చినప్పుడు మామగారితో చెప్పాడు. అయ్యో, ఆ డబ్బా మూలపడిందేమో అనుకున్నాను.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం, అంగడిలో ఎవరూ లేనప్పుడు ఫోను మోగింది. ఎత్తితే ఆయమ్మ గొంతు.

"అమ్మణ్ణీ, పనిలో ఉండావా?"

"లేదమ్మా, చెప్పండి. ఏమైంది? మళ్ళీ చుక్కలా?"

"చుక్కలేం లేవు. బాగుండాది. ఈడ రొంత మబ్బులు ఎక్కువ పెట్టుకోవల్లంటే ఎట్ల?"

పైన వాతావరణం అని ఉన్న చోట నొక్కమని చెప్పాను. అది దొరకడానికి ఆమెకు కొంతసేపు పట్టింది. ఫోను పెట్టేయవద్దంది. రిసీవరు చెవికి ఆనించుకుని కూర్చున్నాను. అవతల విమానం మోత, ఆమె మెల్లగా ఊపిరి పీల్చడం వినబడ్డాయి.

"వచ్చినాయి," అంది చివరికి. "చానా వచ్చినాయి. ఉండు, వీటి నడుమ పోతాండా."